ఒంటిస్తంభపు మేడ: అన్నీ ఒకే కంపెనీవి పెట్టుకుంటే భద్రత పెరుగుతుందా, తగ్గుతుందా?

వేగుచుక్క
140 డెస్క్‌టాప్‌లు, 11 సర్వర్లు ఉన్న ఆఫీసు. ఇప్పటిదాకా మెయిల్ ఒకరిది, బ్యాకప్ ఇంకొకరిది, యాంటీవైరస్ మరొకరిది. విండోస్ ఎలాగూ ఉంది కాబట్టి మెయిల్, లాగిన్, బ్యాకప్, ఎండ్‌పాయింట్ భద్రత (ఒక్కో మెషిన్‌ను కాపాడే సాఫ్ట్‌వేర్) అన్నీ గంపగుత్తగా ఒకే కంపెనీకి ఇచ్చేద్దామని ఇప్పుడు పైనుంచి మాట వచ్చింది. ఒకే కన్సోల్, ఒకే బిల్లు, ఫోన్ చేయాల్సిన నంబరు కూడా ఒకటే. నాకేమో ఇది ఒంటిస్తంభపు మేడలా అనిపిస్తోంది. "విడగొడితే ఏం లాభమో లెక్క చూపించు" అంటే మాత్రం గట్టి సమాధానం లేదు. సగం మెషిన్లను లినక్స్‌కి మార్చడం నిజంగా పరిష్కారమా? ఎక్కడ విడగొట్టాలి, ఎక్కడ అక్కర్లేదు? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

పాతకాపు
ఈ వాదన పాతదే. 2003 సెప్టెంబరులో డాన్ గీర్, బ్రూస్ ష్నయర్ సహా ఏడుగురు నిపుణులు దీని మీదే ఒక నివేదిక రాశారు. అందరూ ఒకే ఆపరేటింగ్ సిస్టమ్ మీద కూర్చుంటే ఒకచోటి లోపం అందరి లోపం అవుతుందన్నది అందులోని వాదన. అది బయటికొచ్చిన వెంటనే గీర్ ఉద్యోగం పోయింది.

లెక్క కావాలన్నారు కదా, అదే ఏడాది జనవరి 25న వచ్చిన స్లామర్ వార్మ్‌ను (తనంతట తానే మెషిన్ నుంచి మెషిన్‌కి పాకే ప్రోగ్రాము) చూడండి. మొత్తం 376 బైట్లు. యూడీపీ 1434 పోర్టుకి (నెట్‌వర్క్ తలుపు నంబరు) ఒక్క ప్యాకెట్ వెళ్తే పని అయిపోయేది. మొదట్లో ప్రతి 8.5 సెకన్లకు రెట్టింపైంది. లోపం ఉన్న మెషిన్లలో 90 శాతం పది నిమిషాల్లో దాని చేతికి చిక్కాయి. మొత్తం మీద సుమారు 75,000. ఆ లోపానికి ప్యాచ్ (దాన్ని పూడ్చే అప్‌డేట్) ఆరు నెలల ముందే, 2002 జులైలో వచ్చేసింది. కానీ తమ దగ్గర ఆ లోపం ఉన్న ఎస్‌క్యూఎల్ సర్వర్ (మైక్రోసాఫ్ట్ డేటాబేస్) ఉందన్న సంగతే చాలామందికి తెలియదు. దాని చిన్న రూపం ఎంఎస్‌డీఈ వేరే సాఫ్ట్‌వేర్ల వెంట చడీచప్పుడు లేకుండా ఇన్‌స్టాల్ అయ్యేది.

దీనికి రెండో వైపు కూడా చూడండి. 1988 నవంబరు 2 నాటి మోరిస్ వార్మ్ వ్యాక్స్ మెషిన్ల మీదా, సన్-3 మెషిన్ల మీదా పడింది. అందులో ఫింగర్ డీమన్ (వెనక నడిచే ఒక సేవ) బఫర్‌ను, అంటే దాని మెమరీ గదిని, పొంగించే కోడు వ్యాక్స్ ప్రాసెసర్‌కి మాత్రమే సరిపోయేలా రాశారు. అదే కోడు సన్ మీద పడితే డీమన్ కూలిపోయేదే తప్ప వార్మ్ ఆ దారిన లోపలికి రాలేకపోయింది. సన్ మెషిన్లకు కూడా సోకింది గానీ సెండ్‌మెయిల్ అనే మెయిల్ ప్రోగ్రాము లాంటి వేరే దారుల్లో సోకింది. తేడా ఎంత మేలు చేస్తుందో, ఎక్కడ చేయదో రెండూ ఆ ఒక్క ఘటనలోనే కనిపిస్తాయి.

కెర్నల్‌కోటి
పాతకాపు గారు చెప్పినవి నిజమే, కానీ వాటిని పట్టుకుని 11 సర్వర్ల ఆఫీసును రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌ల మీదకి ఎక్కించడం రెండు పడవల మీద కాళ్ళు పెట్టడమే. కొత్తగా చేర్చిన ప్రతి సిస్టమ్‌కీ విడిగా సెట్టింగుల ప్రమాణం రాసుకోవాలి, ప్యాచ్‌ల క్యాలెండర్ పెట్టుకోవాలి, లాగ్‌లు సేకరించాలి, అర్ధరాత్రి పిలిస్తే లేచే మనిషి ఉండాలి. ఇద్దరే మనుషులున్న చోట రెండూ సగం సగమే నడుస్తాయి. ఆ సగం చూసుకున్నదే దొంగకి దారి.

తక్కువమంది వాడేది దానంతటదే సురక్షితం అనుకోవడం కూడా పొరపాటు. 2004 మార్చిలో వచ్చిన విటీ వార్మ్ కేవలం 12,000 మెషిన్ల మందను వేటాడింది. ముప్పావు గంటలో దాదాపు అన్నిటికీ సోకింది. డిస్కులోని డేటాను కొంచెం కొంచెంగా చెరిపేసింది. అది దూరింది దేని గుండా? ఫైర్‌వాల్ సాఫ్ట్‌వేర్ గుండా. కంచే చేను మేసింది.

తాళంచెవి
మీరిద్దరూ రెండు వేర్వేరు ప్రమాదాల గురించి మాట్లాడుతున్నారు. దొంగతనం వేరు, స్తంభించిపోవడం వేరు.

ఊహకి ఒక లెక్క వేద్దాం. ఒక్కో సిస్టమ్ ఏడాదిలో బద్దలయ్యే అవకాశం 5 శాతం అనుకోండి. రెండు రకాల సర్వర్లున్నాయి, రెండింట్లోనూ అదే కస్టమర్ డేటా ఉంది. దొంగకి ఏదో ఒకటి తెరుచుకుంటే చాలు. అప్పుడు అవకాశం 5 నుంచి 9.75 శాతానికి పెరిగింది. అంటే విడగొట్టి నష్టపోయారు. ఇప్పుడు పని ఆగిపోవడం సంగతి చూడండి. రెండింట్లో ఏది బతికున్నా పని నడుస్తుందంటే, రెండూ ఒకేసారి పడిపోయే అవకాశం 0.25 శాతం. ఇక్కడ లాభం ఇరవై రెట్లు. మూడో రకం ఒకటుంది, రెండు తాళాలూ ఒకదాని వెనక ఒకటి వేయడం. ముందు ఒక కంపెనీ వీపీఎన్ (బయటినుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వచ్చే దారి), అది దాటాక ఇంకో కంపెనీ లాగిన్. దొంగ రెండూ పగలగొట్టాలి కాబట్టి అక్కడ కూడా 0.25 శాతమే.

అందుకని "విడగొట్టాలా వద్దా" అని అడగొద్దు. పక్కపక్కన పెడుతున్నామా, ఒకదాని వెనక ఒకటి పెడుతున్నామా అని అడగండి. డేటా కాపాడటానికి వరసగా, పని ఆగకుండా ఉండటానికి పక్కపక్కన.

సున్నాఒకటి
తాళంచెవి గారి 0.25 ఒక షరతు మీద నిలబడింది: రెండూ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పాడవ్వాలి. నిజంలో అలా జరగదు. నైట్, లెవెసన్ అనే ఇద్దరు పరిశోధకులు 1986లో దీన్ని పరీక్షించి చూపించారు. ఒకే పనికి 27 ప్రోగ్రాములను విడివిడిగా రాయించారు, రాసినవాళ్ళు రెండు విశ్వవిద్యాలయాల విద్యార్థులు. పది లక్షల పరీక్షలు నడిపితే, ఒకరికొకరు తెలియనివాళ్ళు కూడా అవే కష్టమైన చోట్ల తడబడ్డారని తేలింది. కాబట్టి నిజమైన సంఖ్య 0.25కీ 5కీ మధ్య ఎక్కడో ఉంటుంది.

తాళంచెవి
ఒప్పుకుంటున్నాను. అందుకే ఊహకి అన్నాను. ఇరవై రెట్లు కాకపోయినా దిశ మారదు.

నెట్‌రాధ
ఆపరేటింగ్ సిస్టమ్ దగ్గరే ఎందుకు ఆగిపోయారు అందరూ? 2024 జులై 19న విండోస్‌లో లోపం ఏమీ లేదు. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా కంపెనీ ఏజెంట్‌కి (ప్రతి మెషిన్ మీదా కాపలా ఉండే ప్రోగ్రాము, సెన్సర్ అన్నా అదే) ఛానెల్ ఫైల్ 291 అనే చిన్న ఫైలు 04:09 యూటీసీకి వెళ్ళింది, 05:27కి వెనక్కి తీసుకున్నారు. ఆ 78 నిమిషాల్లో ఆన్‌లో ఉండి దాన్ని అందుకున్న విండోస్ మెషిన్లు నీలి తెరకి చిక్కాయి. మైక్రోసాఫ్ట్ అంచనా 85 లక్షల పరికరాలు. ప్రపంచంలోని విండోస్ మెషిన్లలో అది ఒక శాతం కూడా కాదు. అయినా విమానాలు ఆగిపోయాయి, ఎందుకంటే ఆ ఒక్క శాతం ఎక్కువగా పెద్ద సంస్థల్లో ఉంది.

లోపం ఇంతే: కొత్త నిర్వచనంలో 21 ఫీల్డులున్నాయి, సెన్సర్ కోడు అందించింది 20 విలువలు. 21వది చదవబోయి మెమరీ హద్దు దాటింది. మామూలు ప్రోగ్రామైతే అదొక్కటే మూసుకుపోయేది. కెర్నల్‌లో, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ నడిబొడ్డులో, ఉంది కాబట్టి మెషిన్‌నే పడేసింది.

వేగుచుక్క గారికి పనికొచ్చే సంగతి ఇది. ఆ ఏజెంట్‌ను "ఒక వెర్షన్ వెనక", "రెండు వెర్షన్లు వెనక" ఉంచుకునే సెట్టింగు అప్పటికే ఉంది. చాలామంది పెట్టుకున్నారు కూడా. కానీ అది సెన్సర్ ప్రోగ్రాముకే వర్తించేది. కంటెంట్ ఫైళ్ళు దాన్ని దాటుకుని ఒకేసారి అందరికీ వెళ్ళేవి. తర్వాత మార్చారు. మీరు ఏ కంపెనీది తీసుకున్నా సరే, సంతకం పెట్టే ముందు అడగండి: ప్రోగ్రాము, వైరస్‌లను గుర్తుపట్టే సంతకాల ఫైళ్ళు, సెట్టింగులు, ఈ మూడూ మేం చెప్పిన వరసలో విడతలుగా దిగుతాయా, లేక మొదటిది మాత్రమేనా?

కెర్నల్‌కోటి
ఆ రోజు బాగుచేయడం కూడా గుర్తుచేయాలి. సేఫ్ మోడ్‌లోకి వెళ్ళి, డ్రైవర్స్ ఫోల్డరు లోపలి క్రౌడ్‌స్ట్రైక్ ఫోల్డర్లో ఆ 291 పేరున్న ఫైలు తీసేస్తే సరిపోయేది. మెషిన్‌కి పది నిమిషాల పని. కానీ బిట్‌లాకర్ (విండోస్‌లో డిస్కుకి వేసే తాళం) ఉంటే ముందు 48 అంకెల రికవరీ కీ కొట్టాలి. ఆ కీలు సాధారణంగా యాక్టివ్ డైరెక్టరీలో (ఆఫీసు అకౌంట్లు, లాగిన్‌లు ఉండే చోటు) ఉంటాయి. డైరెక్టరీ నడిపే సర్వర్లు (డొమైన్ కంట్రోలర్లు) కూడా అదే నీలి తెర మీద ఉంటే? తాళంచెవి పెట్టెలో పెట్టి పెట్టెకి తాళం వేసినట్టు.

వేగుచుక్క
మా దగ్గర డొమైన్ కంట్రోలర్లు రెండు, ఫైర్‌వాల్ జంట, స్టోరేజ్ కూడా జంట. ఒకటి పోతే రెండోది అందుకుంటుంది. ఇది సరిపోదా?

పాతకాపు
సరిపోదు. అది హార్డ్‌వేర్ పాడైతే కాపాడుతుంది, లోపం సాఫ్ట్‌వేర్లో ఉంటే కాపాడదు. 1996 జూన్ 4న మొదటి ఏరియన్ 5 రాకెట్ సుమారు 40 సెకన్లలో ముక్కలైంది. దిశ చెప్పే యూనిట్లు రెండున్నాయి, ఒకటి పనిలో, ఒకటి సిద్ధంగా. రెండింట్లోనూ ఒకే ప్రోగ్రాము. 64 బిట్ల దశాంశ విలువను 16 బిట్ల పూర్ణాంకంలోకి మార్చబోతే అది పట్టలేదు. సిద్ధంగా ఉండాల్సినది ముందు పడిపోయింది, ఒక్క చక్రం తేడాలో, అంటే 72 మిల్లీసెకన్లలో, పనిలో ఉన్నదీ పడిపోయింది. అందుకోవాల్సినది అప్పటికే లేదు.

మీ ఫైర్‌వాల్ జంటకీ ఇదే జరుగుతుంది. మొదటిదాన్ని కూల్చిన ప్యాకెట్టే మారు నిమిషంలో రెండోదాని దగ్గరికి వస్తుంది. విమానాలవాళ్ళు దీన్ని ముందే గ్రహించారు. బోయింగ్ 777 ముఖ్య ఫ్లైట్ కంప్యూటర్లో మూడు కంపెనీల ప్రాసెసర్లు, మూడు కంపైలర్లు వాడారు.

నీలిమబ్బు
11 సర్వర్లూ వర్చువల్ మెషిన్లేనా? అవన్నీ ఏ హైపర్‌వైజర్ (ఒక మెషిన్ మీద చాలా వర్చువల్ మెషిన్లను నడిపే సాఫ్ట్‌వేర్) మీద ఉన్నాయి? ఈ ప్రశ్న ఇంకా ఎవరూ అడగలేదు.

వేగుచుక్క
అవును, రెండు హోస్ట్‌ల (అసలు మెషిన్ల) మీద వీఎమ్‌వేర్ వాళ్ళ ఈఎస్ఎక్స్ఐ. బ్యాకప్ సర్వర్ కూడా అందులోనే.

నీలిమబ్బు
అదీ అసలు సంగతి. పైన విండోస్, లినక్స్ అని ఎంత కలగలిపినా అడుగున పలక ఒకటే. 2023 ఫిబ్రవరిలో ఈఎస్ఎక్స్ఐఆర్గ్స్ అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్ళకి తాళం వేసి డబ్బు అడిగేది) సరిగ్గా దీన్నే కొట్టింది. నెట్‌కి తెరిచి ఉంచిన 427 పోర్టులోని ఓపెన్‌ఎస్ఎల్‌పీ సర్వీసు గుండా దూరిందని అప్పుడు భావించారు, ఆ లోపం జాబితా నంబరు సీవీఈ-2021-21974. దానికి ప్యాచ్ రెండేళ్ళ ముందే వచ్చింది. లోపల ఏ ఆపరేటింగ్ సిస్టమ్ ఉందన్నది దానికి అక్కర్లేదు, వర్చువల్ డిస్కు ఫైళ్ళనే ఎన్‌క్రిప్ట్ చేసింది.

చేయాల్సినవి: హోస్ట్‌ల మేనేజ్‌మెంట్ ఇంటర్‌ఫేస్ విడి వీల్యాన్‌లో (వేరుచేసిన నెట్‌వర్క్ ముక్కలో) పెట్టండి, దానికి ఒకే ఒక జంప్ మెషిన్ నుంచి దారి ఉంచండి. వాడని సర్వీసులు, ముఖ్యంగా ఎస్ఎల్‌పీ, ఆపేయండి. హోస్ట్‌లను యాక్టివ్ డైరెక్టరీకి కలపకండి. బ్యాకప్ సర్వర్‌ను అక్కడినుంచి బయటికి, విడి ఇనప పెట్టె మీదకి తీసుకెళ్ళండి. ఇది నాలుగిట్లోనూ ముందు చేయాల్సింది.

తాళంచెవి
సగం మెషిన్లు లినక్స్ చేయడం కన్నా పది రెట్లు తక్కువ శ్రమతో, పది రెట్లు ఎక్కువ ఫలితం ఇచ్చే వైవిధ్యం ఒకటుంది. పాస్‌వర్డులు. 140 డెస్క్‌టాప్‌లూ ఒకే ఇమేజ్ (సిద్ధం చేసిన నకలు) నుంచి దించారనుకుంటా. లోకల్ అడ్మిన్ పాస్‌వర్డు అన్నిట్లో ఒకటేనా?

2017 జూన్ 27 నాటి నోట్‌పెట్యా వార్మ్‌ను చూడండి. ఉక్రెయిన్ లెక్కల సాఫ్ట్‌వేర్ ఎం.ఈ.డాక్ అప్‌డేట్ గుండా వచ్చింది. ఎస్ఎంబీ (విండోస్ ఫైళ్ళ పంపకం) లోపాన్ని వాడుకుంది, నిజమే. దాంతోపాటు మెమరీలో దొరికిన అడ్మిన్ వివరాలు తీసుకుని పీఎస్‌ఎగ్జెక్, డబ్ల్యూఎంఐ అనే దూరనిర్వహణ పనిముట్ల ద్వారా పక్క మెషిన్లలోకి లాగిన్ అయింది. ప్యాచ్ వేసిన మెషిన్లు కూడా అలాగే పోయాయి. ఒకే తాళంచెవి అన్ని గదులకీ పట్టినప్పుడు ఏ గది తలుపు గట్టిదన్న ప్రశ్నే లేదు.

విండోస్‌లోనే ల్యాప్స్ అనే సదుపాయం ఉంది. ప్రతి మెషిన్‌కీ వేరే పాస్‌వర్డు, 30 రోజులకోసారి దానంతటదే మారుతుంది. అదనపు ఖర్చు లేదు. లినక్స్ సర్వర్లను క్లోన్ చేసి ఉంటే ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్) హోస్ట్ కీలు కూడా అన్నిట్లో ఒకటే అయ్యుంటాయి, తీసేసి మళ్ళీ పుట్టించండి.

పాతకాపు
కీల విషయానికి ఒక చేర్పు. 2006 నుంచి 2008 మే దాకా డెబియన్ లినక్స్‌లోని ఓపెన్‌ఎస్ఎస్ఎల్ అనే కీలు పుట్టించే లైబ్రరీలో ఒక మార్పు వల్ల కీలకి దొరికే యాదృచ్ఛికత దాదాపు ప్రాసెస్ నంబరు ఒక్కటే అయింది. ఒక రకం, ఒక పొడవు కీకి 32,767 అవకాశాలే. అన్నీ ముందే పుట్టించి జాబితా చేసుకోవచ్చు. పేరుకి ఎవరి కీ వారిదే, నిజానికి అందరూ ఒకే చిన్న గుత్తిలోంచి తీసుకున్నారు.

చిట్టెలుక
బ్రౌజర్ల మాటేమిటి? సగంమందికి క్రోమ్, సగంమందికి ఎడ్జ్ ఇస్తే సరిపోతుందా?

నెట్‌రాధ
ఆ రెండింటి లోపలి ఇంజిన్ ఒకటే, క్రోమియం. బ్రేవ్, ఒపేరా కూడా అంతే. దాని వీ8లో (జావాస్క్రిప్ట్ నడిపే భాగం) లోపం దొరికితే అన్నీ ఒకేసారి ప్యాచ్ కోసం ఎదురుచూస్తాయి. నిజంగా వేరేది కావాలంటే ఫైర్‌ఫాక్స్ ఉండాలి.

సున్నాఒకటి
అది కూడా పూర్తి వేరు కాదు. 2023 సెప్టెంబరులో లిబ్‌వెబ్‌పీ బొమ్మల లైబ్రరీలో సీవీఈ-2023-4863 బయటపడితే క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ ఒకే వారంలో ప్యాచ్‌లు ఇచ్చాయి. ఎలక్ట్రాన్ (క్రోమియం మీదే నిలబడిన చట్రం) మీద కట్టిన చాట్ యాప్‌లన్నీ ఆ వరసలో వచ్చాయి. లాగ్4జే అనే జావా లైబ్రరీ సంగతీ ఇదే. 2021 డిసెంబరులో దాని 2.0-బీటా9 నుంచి 2.14.1 దాకా వెర్షన్లలో లోపం బయటపడింది. జావా సాఫ్ట్‌వేర్ అమ్మిన కంపెనీలు వేరు వేరు, లోపలి లాగింగ్ లైబ్రరీ ఒకటే. జార్ (జావా మూట) ఫైలు లోపల ఇంకో జార్, దాని లోపల మరొకటి ఉండేది కాబట్టి పేరు పెట్టి వెతికితే దొరికేది కాదు, తెరిచి లోపలి క్లాసు ఫైలును వెతకాలి.

అందుకే కొత్తగా కొనే ప్రతి సాఫ్ట్‌వేర్‌కీ లోపల ఏ భాగాలున్నాయో జాబితా అడగండి. సైక్లోన్‌డీఎక్స్ లేదా ఎస్‌పీడీఎక్స్ రూపంలో ఇస్తారు. పీడీఎఫ్‌లో ఇస్తే వద్దనండి, దాన్ని మెషిన్ చదవలేదు.

కెర్నల్‌కోటి
ఇవన్నీ వింటుంటే నా మాటే బలపడుతోంది. కింద అన్నీ కలిసిపోయి ఉన్నప్పుడు పైన రెండు బ్రాండ్లు కొనడం వల్ల శ్రమ తప్ప ఏం మిగిలింది?

తాళంచెవి
కోటి అన్నా, బ్రాండ్లు కొనమని ఎవరూ అనడం లేదు. ఏది పంచుకుంటున్నామో కనిపెట్టి, కోలుకునే దారి దాన్ని పంచుకోకుండా చూడమంటున్నాం. పనిచేసే దారి ఒకే కంపెనీది అయినా ఫరవాలేదు. బాగుచేసే దారి మాత్రం వేరే ఉండాలి.

కెర్నల్‌కోటి
అలా అయితే నాకు అభ్యంతరం లేదు. బాగుచేసే దారి చిన్నది, ఇద్దరు మనుషులు దాన్ని చూసుకోగలరు.

భద్రం_కొడుకో
బ్యాకప్ దగ్గర ఆ మాటకి అర్థం ఏమిటో విడమర్చి చెబుతా, ఎక్కువమంది దెబ్బతినేది అక్కడే.

బ్యాకప్ సర్వర్ డొమైన్‌లో (యాక్టివ్ డైరెక్టరీ కింద) ఉండకూడదు. డొమైన్ అడ్మిన్ అకౌంట్ చేజిక్కించుకున్న దొంగ మొదట వెతికేది బ్యాకప్‌నే. విడి లోకల్ అకౌంట్లు, విడి రెండో అంచె లాగిన్. మీ సర్వర్లు విండోస్ కాబట్టి బ్యాకప్ నిల్వ లినక్స్ మీద ఉంటే మంచిది, ఇక్కడ వేరే ఆపరేటింగ్ సిస్టమ్ నిజంగా పనికొస్తుంది. సర్వర్లు వచ్చి బ్యాకప్‌లో రాయడం కాదు, బ్యాకప్ సర్వరే వెళ్ళి తెచ్చుకోవాలి. అలాగైతే సర్వర్ల నుంచి బ్యాకప్ వైపు ఒక్క పోర్టు కూడా తెరవక్కర్లేదు.

చెరపడానికి వీల్లేని నిల్వ పెట్టుకుంటే అది గడియారాన్ని నమ్ముకుంటుందని మర్చిపోకండి. 30 రోజులు చెరపరాదని పెట్టారనుకోండి, సమయం ఇచ్చే ఎన్‌టీపీ మూలాన్ని పట్టుకుని దొంగ తేదీని 31 రోజులు ముందుకి జరిపితే తాళం దానంతటదే ఊడిపోతుంది. నిల్వ మెషిన్ మీ డొమైన్ కంట్రోలర్ నుంచి సమయం తీసుకుంటుంటే ఇది చాలా తేలిక. కనీసం నాలుగు బయటి మూలాలు ఇవ్వండి, పెద్ద గెంతు వస్తే ఒప్పుకోకుండా ఆపండి. ఇవన్నీ చేశాక కూడా నెలకి ఒక కాపీ వైరు పీకి బయట పెట్టిన డిస్కులోనో టేపులోనో ఉండాలి.

నోట్‌పెట్యా దెబ్బ తిన్న మెర్స్క్ షిప్పింగ్ కంపెనీ డొమైన్ కంట్రోలర్లు ప్రపంచమంతా ఒకదాన్నొకటి నకలు చేసుకునేవి, అన్నీ ఒకేసారి పోయాయి. ఘానాలో కరెంటు పోయి నెట్‌వర్క్‌కి దూరమైన ఒక్కటి మిగిలింది. దాన్నుంచే మళ్ళీ మొదలుపెట్టారు. 4,000 సర్వర్లు, 45,000 పీసీలు పది రోజుల్లో తిరిగి కట్టారు. ఒకదాన్నొకటి నకలు చేసుకోవడాన్ని బ్యాకప్ అనుకుంటే ఇలాగే ఉంటుంది, చెరిపేయడం కూడా నకలవుతుంది.

చిట్టెలుక
డొమైన్ తిరిగి నిలబెట్టాక చేయాల్సినది ఏమైనా ఉందా?

భద్రం_కొడుకో
కేఆర్‌బీటీజీటీ (లాగిన్ టికెట్ల మీద ముద్ర వేసే అకౌంట్) పాస్‌వర్డు రెండుసార్లు మార్చాలి. పాతది ఒకటి గుర్తుంటుంది కాబట్టి ఒకసారి మారిస్తే దొంగ చేసుకున్న టికెట్ ఇంకా చెల్లుతుంది. మామూలు రోజుల్లో అయితే రెండు మార్పుల మధ్య కనీసం 10 గంటలు ఆగండి, టికెట్ గడువు అదే. డీఎస్ఆర్ఎం (డైరెక్టరీని బాగుచేసే మోడ్) పాస్‌వర్డు కాగితం మీద ఉండాలి. డైరెక్టరీ లేనప్పుడు డొమైన్ కంట్రోలర్లోకి వెళ్ళడానికి అదే దిక్కు.

నీలిమబ్బు
లాగిన్ అంతా క్లౌడ్ కంపెనీకి ఇచ్చేస్తే అత్యవసర అకౌంట్లు రెండు పెట్టుకోండి. అవి మీ డైరెక్టరీ నుంచి సింక్ అయినవి కాకూడదు, నేరుగా క్లౌడ్‌లో పుట్టినవే అయ్యుండాలి. లాగిన్ షరతుల పాలసీలో తప్పు రాసి మిమ్మల్ని మీరే బయటికి నెట్టుకునే ప్రమాదం ఉంది కాబట్టి కనీసం ఒకదాన్ని ఆ పాలసీల నుంచి మినహాయించండి. వాటితో ఎవరు లోపలికి వచ్చినా వెంటనే మీ ఫోన్‌కి హెచ్చరిక రావాలి. మూడు నెలలకోసారి నిజంగా లాగిన్ అయి చూడండి.

రెండింటికీ ఫిడో కీలు (లాగిన్‌కి వాడే చిన్న భౌతిక కీలు) వాడండి, రెండు వేర్వేరు తయారీదారులవి. ఇది అతి జాగ్రత్త అనిపిస్తే 2017లో ఏం జరిగిందో చూడండి. ఇన్ఫినియన్ చిప్‌ల ఆర్ఎస్ఏ కీలు పుట్టించే లైబ్రరీలో రోకా అనే లోపం బయటపడింది. ల్యాప్‌టాప్‌ల టీపీఎంలు (కీలు దాచే చిప్‌లు), కొన్ని భద్రతా కీలు, ఎస్టోనియా గుర్తింపు కార్డులు, అన్నిటి లోపలా అదే. ఎస్టోనియా ఒక్కటే దాదాపు 7,60,000 కార్డుల సర్టిఫికెట్లు ఆపాల్సి వచ్చింది.

ప్యాకెట్_పద్మ
డీఎన్ఎస్‌ని (సైట్ పేరుకి చిరునామా చెప్పే వ్యవస్థ) అందరూ వదిలేశారు. 2016 అక్టోబరు 21న మిరాయ్ బాట్‌నెట్ (దొంగలు చేజిక్కించుకున్న పరికరాల మంద) డిన్ అనే ఒక్క డీఎన్ఎస్ కంపెనీ మీద పడితే ట్విట్టర్, గిట్‌హబ్ లాంటివి చాలామందికి అందలేదు. వాటి సర్వర్లకి ఏమీ కాలేదు, చిరునామా చెప్పేవాళ్ళు మాయమయ్యారు. డీఎన్ఎస్‌కి పైమెట్టైన రూట్ సర్వర్లు నడిపేవాళ్ళు ఇది 2003కే ఆలోచించారు. అప్పటిదాకా దాదాపు అంతా బైండ్ సాఫ్ట్‌వేరే, కావాలనే విడిగా ఎన్ఎస్‌డీ అనే సాఫ్ట్‌వేర్ రాయించి, రూట్ సర్వర్లలో ఒకటైన కే-రూట్ దాని మీదకి మారింది.

మీ ఇంటర్నెట్ డొమైన్ పేరుకి ఇద్దరు డీఎన్ఎస్ ప్రొవైడర్లు ఉండాలి. తేలికైన పద్ధతి: అసలు జోన్ ఫైలు (డొమైన్ చిరునామాల జాబితా) మీ దగ్గర బయటికి కనపడని ప్రైమరీలో ఉంచండి, ఇద్దరూ టీసిగ్ కీతో (అడిగేది వాళ్ళేనని నిరూపించే కీ) జోన్ ట్రాన్స్‌ఫర్ ద్వారా తీసుకుంటారు. రిజిస్ట్రార్ దగ్గర ఇద్దరి నేమ్ సర్వర్లూ రాయించండి. రోజూ ఒక చిన్న స్క్రిప్టు ప్రతి నేమ్ సర్వర్‌నీ విడిగా ఎస్ఓఏ రికార్డు (జోన్ వెర్షన్ చెప్పేది) అడిగి సీరియల్ నంబర్లు పోల్చాలి. అది చేయకపోతే రెండోవాడు మూడు నెలల కింద సింక్ ఆపేసిన సంగతి మొదటివాడు పడిపోయిన రోజు తెలుస్తుంది.

డీఎన్ఎస్‌సెక్ (డీఎన్ఎస్ జవాబుల మీద డిజిటల్ సంతకం) ఉంటే జాగ్రత్త. ఇద్దరూ ఎవరికి వారు సంతకం చేస్తే, ఒకరి జోన్ సంతకాల కీ ఇంకొకరి డీఎన్ఎస్‌కీ జాబితాలో కూడా ఉండాలి, పై జోన్‌లో ఇద్దరి డీఎస్ రికార్డులూ (కీల వేలిముద్రలు) ఉండాలి. లేకపోతే సగంమందికి డొమైన్ చెల్లనిదిగా కనిపిస్తుంది. ఇంత పెట్టుకోలేమనుకుంటే సంతకం మీ ప్రైమరీలోనే చేసి, సంతకం చేసిన జోన్‌నే ఇద్దరికీ పంపండి.

చిట్టెలుక
అప్‌డేట్‌లు ఆలస్యం చేస్తే స్లామర్‌కి దొరుకుతాం, వెంటనే వేస్తే 291 ఫైలుకి దొరుకుతాం. ఎటూ దారి లేదు కదా?

నెట్‌రాధ
ఉంది. వాన్నక్రై అనే రాన్సమ్‌వేర్ వార్మ్ 2017 మే 12న వచ్చింది, దాని ప్యాచ్ మార్చి 14న వచ్చింది. మధ్యలో 59 రోజులు. స్లామర్‌కి ఆరు నెలలు. జనాన్ని ముంచింది నెలల ఆలస్యం, రెండు రోజుల ఆలస్యం కాదు. 140 మెషిన్లకి ఇలా పెట్టండి: మొదటి రోజు 7 మెషిన్లు, ప్రతి విభాగం నుంచీ ఒకటి, ఐటీవాళ్ళవి మాత్రమే కాదు. 24 గంటలు చూసి 35. ఇంకో 48 గంటలకి మిగతావి. జంటగా ఉన్న సర్వర్లు ఎప్పుడూ ఒకే విడతలో ఉండకూడదు, ఒక డొమైన్ కంట్రోలర్ రెండో విడతలో ఉంటే రెండోది చివరి విడతలో.

లోపాన్ని అప్పటికే వాడేస్తున్నారని వార్త వస్తే, నెట్‌కి ఎదురుగా ఉన్న మెషిన్లకి ఈ గడువులు వర్తించవు, గంటల్లో వేసేయాలి. లాగ్4జే లోపం (లాగ్4షెల్) అలాంటిది. లోపలి డెస్క్‌టాప్‌లకి మాత్రం అప్పుడు కూడా విడతలే.

వేగుచుక్క
మీరు చెప్పినవన్నీ పట్టుకుని ఒక పట్టిక వేశాను. ఒక్కో వరసలో ఒక్కో సేవ. నిలువు వరసల్లో ఆపరేటింగ్ సిస్టమ్, హైపర్‌వైజర్, లాగిన్ ఎక్కడినుంచి, డీఎన్ఎస్, సమయం ఎక్కడినుంచి, అప్‌డేట్ ఏ దారిన, అడ్మిన్ అకౌంట్ ఏది. 23 సేవల్లో 21 చోట్ల లాగిన్ అదే డైరెక్టరీ, అన్నిట్లోనూ సమయం అదే డొమైన్ కంట్రోలర్. విండోస్ ఉన్నది 17 చోట్లే. నేను భయపడింది ఒకదానికి, ప్రమాదం ఉన్నది ఇంకోచోట.

మెయిల్, లాగిన్ ఒకే కంపెనీకి ఇవ్వడానికి ఒప్పుకుంటాను. బ్యాకప్ ఇవ్వను. ఈ వారం ల్యాప్స్, బ్యాకప్ సర్వర్ విడిగా లినక్స్ పెట్టె మీదకి, హోస్ట్‌ల వీల్యాన్. వచ్చే వారం రెండో డీఎన్ఎస్, విడతలు. బిట్‌లాకర్ కీలు, డీఎస్ఆర్ఎం పాస్‌వర్డు, అత్యవసర ఫిడో కీలు సర్వర్ గదిలోని ఇనప్పెట్టెలో.

ప్యాకెట్_పద్మ
సర్వర్ గది తలుపు కార్డుతో తెరుచుకుంటుందా? ఆ కార్డులు సరిచూసే ప్రోగ్రాము ఏ సర్వర్ మీద ఉందో మీ పట్టికలో 24వ వరసగా రాయండి. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్ తన డీఎన్ఎస్ సర్వర్లకి దారి చూపే రూట్లను ఇంటర్నెట్ నుంచి తానే తీసేసుకున్నప్పుడు డీఎన్ఎస్‌తో పాటు లోపలి పనిముట్లూ పోయాయి. దూరం నుంచి బాగుచేయడం కుదరక డేటా సెంటర్లకి మనుషుల్ని పంపారు, ఆ తలుపులు దాటి లోపలికి చేరడానికే చాలా సమయం పట్టింది.

వేగుచుక్క
ఇప్పుడే చూశాను. కార్డుల ప్రోగ్రాము రెండో హోస్ట్ మీద వర్చువల్ మెషిన్, లాగిన్ డైరెక్టరీ నుంచే. ఇనప్పెట్టెను వేరే గదికి మారుస్తున్నాను, మామూలు తాళం ఉన్న గదికి.